క్లిప్పు పెట్టని పేజీలు

మా అమ్మాయి చదివే ప్రతి పుస్తకాన్నీ ముందు నేను చదువుతాను. ఆరో తరగతి ఆడపిల్లల కోసం రాసే ఆ సీరీస్ పుస్తకాలు లైబ్రరీ నుంచి మా ఇంటికి సంచుల్లో వస్తాయి. అన్నిటిలోనూ అదే నలుగురు స్నేహితురాళ్ళు, అదే బడి. అట్ట మీద రంగు మాత్రం మారుతుంది. ఒకటి పూర్తికాకముందే పిల్లలు తర్వాతది అడుగుతారు. అన్నీ కూర్చుని చదివే తీరిక మా వీధిలోని తెలుగు తల్లులెవరికీ లేదు. నాకూ లేదు. కానీ చదవకుండా పిల్ల చేతికిస్తే నాకు ఆ రోజంతా గుండె దడగా ఉంటుంది.

అందుకని మేమంతా ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను చదివి, పిల్లలకు తగవనుకున్న పేజీలను క్లిప్పుతో బిగిస్తాను. ఆఫీసు కాగితాలకు పెట్టే నల్లటి క్లిప్పు. పుస్తకం ఆ క్లిప్పుతోనే ఇంటింటికీ తిరుగుతుంది. ఆఖరున చదివిన పిల్ల తల్లి క్లిప్పు తీసి నాకిచ్చి, పుస్తకాన్ని లైబ్రరీలో వేస్తుంది. వాట్సాప్ గ్రూపులో నన్ను సెన్సార్ బోర్డు అంటారు.

"ఈ కొత్తదాంట్లో బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా?" అని అడిగింది ఒకావిడ.

"ఉన్నాడు," అని రాశాను.

"కిస్?"

"ఒకటి."

"చెంప మీదా, ఇంకెక్కడన్నానా?"

"వదినా, నువ్వు పిల్ల కోసం అడుగుతున్నావా, నీ కోసమా?" అని ఇంకొకావిడ అందుకుంది. తర్వాత అరగంటసేపు నవ్వు బొమ్మలే వచ్చాయి.

మా అమ్మాయికి మాత్రం ఈ క్లిప్పుల మీద గౌరవం లేదు. "ఆ పేజెస్‌లో ఏముందో బస్‌లో అందరికీ తెలుసమ్మా," అనేది.

ఆ కొత్త పుస్తకంలో బడిలో ఒక ప్రాజెక్టు ఉంది. టీచరు పిల్లల్ని జంటలు చేసి, ఒక్కో జంటకూ ఒక మైదాపిండి సంచి ఇస్తుంది. అది వాళ్ళ పాపాయి. వారమంతా దాన్ని ఒంటరిగా వదలకూడదు, చిరగనివ్వకూడదు, వంతులేసుకుని మొయ్యాలి. నలుగురిలో ఒకమ్మాయికి జంటగా ఆమె బాయ్‌ఫ్రెండే వస్తాడు. మొదట్లో బాగానే ఉంటాడు. సంచికి టోపీ కూడా పెడతాడు. తర్వాత గంటగంటకీ ఫోన్ చేస్తాడు. ఎక్కడున్నావంటాడు, పాపను వదిలేసి బ్యాండ్ ప్రాక్టీసుకు ఎందుకు వెళ్ళావంటాడు, నువ్వేం తల్లివంటాడు. ఫోన్ తీసుకుని మెసేజులు చూస్తాడు. చివరికి నడవాలో సంచి పగిలి పిండంతా నేలపాలవుతుంది. అందరి ముందూ అతను అరుస్తాడు. ఆ అమ్మాయి, "ఇంక చాలు," అని వెళ్ళిపోతుంది.

లాకర్ల దగ్గర ముద్దుపెట్టుకునే పేజీన్నరకు నేను క్లిప్పు పెట్టాను. మిగతాదంతా వదిలేశాను. "ఇది ఓకే. బేబీ ప్రాజెక్ట్ కథ, సరదాగా ఉంది. ఒక్కటే క్లిప్," అని గ్రూపులో రాశాను. ఆ మాట రాస్తున్నప్పుడు నాకు ఎలాంటి అనుమానమూ రాలేదు.

అమెరికాలో మేముండే అరోరాలో మార్చి నెలంటే సగం మంచు, సగం బురద. పిల్లలు బయట ఆడలేరు. ఆ ఆదివారం రెండిళ్ళ అవతలి అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇద్దరూ బేస్‌మెంట్‌లో చేరి పుస్తకంలోని ప్రాజెక్టు ఆట మొదలుపెట్టారు. మైదా సంచి లేదని నా దగ్గరున్న చిన్న సోనా మసూరి సంచి పట్టుకెళ్ళారు. మార్కర్‌తో దానికి కళ్ళూ నోరూ గీశారు. నా పాత చున్నీ చుట్టారు. రెండిళ్ళ అవతలి అమ్మాయి బాయ్‌ఫ్రెండు, తల్లి మా అమ్మాయి. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నాను. తలుపు ఓరగా తీసి ఉంది.

"వేర్ ఆర్ యూ? ఫోన్ చేస్తే వై డిడ్‌న్ట్ యూ పికప్?" అని గొంతు బొంగురు చేసి అడిగింది ఆ అమ్మాయి.

నేను నవ్వుకున్నాను. మా అమ్మాయి ఇంగ్లీషులో ఏదో దీటుగా అంటుందని చూస్తున్నాను.

"సారీ అండీ," అంది మా అమ్మాయి. తెలుగులో. "ఫోన్ బ్యాగ్‌లో ఉందండీ, వినపడలేదు. వచ్చేస్తున్నానండీ, దారిలోనే ఉన్నా. ఇదిగో, ఫోటో పెడుతున్నా, చూడండి."

"హే, ఇంగ్లీష్‌లో చెప్పవే!"

"మామ్ అలాగే మాట్లాడుతుంది."

"బుక్‌లో అలా లేదు."

"ఐ నో. ఇది బెటర్."

నా చేతిలో మా ఆయన చొక్కా ఉంది. దాన్ని మడతపెట్టడం ఆపి అలాగే నిలబడ్డాను. మా అమ్మాయి ఆటల్లో తెలుగు మాట్లాడదు. అమ్మమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడమంటేనే నాలుగు మాటల తర్వాత ఫోన్ నా చేతికిచ్చి పారిపోతుంది. అలాంటిది ఒక్క తప్పు లేకుండా, ఒక్క ముక్క తడుముకోకుండా ఆ వాక్యాలన్నీ చెప్పింది. దాని గొంతు కూడా సన్నబడింది, కాస్త నవ్వు కలిసింది. అది నా గొంతు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నేను మా ఆయన్ని అండీ అనను. మేమిద్దరం మాస్టర్స్ చదువుకునే రోజుల్లో కలిశాం, ఆయన నాకంటే ఒక సెమిస్టర్ సీనియర్. పెళ్ళికి ముందూ తర్వాతా నువ్వు అనే పిలిచాను. ఆయనకు కోపం వచ్చిందని ఫోన్‌లో తెలిసినప్పుడు మాత్రమే నా నోటికి అండీ వస్తుంది. ఎప్పుడు అలవాటైందో తెలియదు. నాకు తెలియని ఆ అలవాటును నా కూతురు ఎప్పుడో గమనించి, నేర్చుకుని, ఆటలోకి తెచ్చుకుంది.

చదువుకునే రోజుల్లో నలుగురు అమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఆయనకు కారుండేది. లైబ్రరీలో నా షిఫ్టు అయ్యేసరికి కింద కారులో కూర్చుని ఉండేవాడు. నేను రమ్మన్నా, అనకపోయినా.

"మీ వాచ్‌మన్ వచ్చాడే, దిగు," అనేవాళ్ళు అక్కడే చదువుకుంటున్న నా రూమ్మేట్లు. మళ్ళీ వాళ్ళే, "అదృష్టమంటే నీదే. మావాడికి నెలకోసారి నేను గుర్తొస్తే గొప్ప," అనేవాళ్ళు.

నేను అదృష్టమనే అనుకున్నాను. దేశం కాని దేశంలో, చలిలో, ఎవరో ఒకరు నేనెక్కడున్నానో ఆరా తీస్తున్నారంటే భద్రంగా అనిపించేది. ఒక ప్రాజెక్టులో నా జట్టులో అబ్బాయి ఉన్నాడని ఆయన రెండు రోజులు మాట్లాడకపోతే, నేనే ప్రొఫెసర్‌ని అడిగి జట్టు మార్చుకున్నాను. జెర్సీ సిటీలో వేసవికి ఇంటర్న్‌షిప్ వస్తే, "అంత దూరం నువ్వొక్కదానివి ఎట్లుంటవ్ రా?" అన్నాడు. మానేశాను. ఎంత ప్రేమో అని మా అమ్మకు ఫోన్‌లో చెప్పాను కూడా.

ఆయన నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. సిగరెట్ లేదు, మందు లేదు. పిల్ల పుట్టినప్పుడు నెలరోజులు నన్ను మంచం దిగనివ్వలేదు. ఇప్పుడు మా ఇద్దరి ఫోన్లలోనూ ఒకరి లొకేషన్ ఒకరికి కనిపించే ఏర్పాటు ఉంది. నేను ఆయనది చూసిన గుర్తు లేదు. ఆయన నాది చూస్తాడు. షాపులో పది నిమిషాలు ఎక్కువైతే ఫోన్ వస్తుంది. "ఎక్కడున్నవ్ రా? లొకేషన్ అక్కడ్నే ఆగింది?" అంటాడు. మామూలుగా రా ఉంటుంది. కోపం వస్తే ఆ రా పోతుంది. అప్పుడు నేను ఉన్నచోట నిలబడి ఫోటో తీసి పంపుతాను. వెనక షెల్ఫులు, చేతిలో కొత్తిమీర కట్ట, ముఖాన నవ్వు.

ఆ సాయంత్రం పుస్తకాన్ని మళ్ళీ తెరిచాను. క్లిప్పు పెట్టిన పేజీన్నర వదిలి, పెట్టని పేజీలన్నీ చదివాను. కథలో ఆ అమ్మాయి ఎక్కడా సారీ చెప్పదు. అతను ఫోన్ లాక్కుంటే తిరిగి లాక్కుంటుంది. స్నేహితురాళ్ళు, "వాడు నిన్ను కాపలా కాస్తున్నాడు, ప్రేమించడం లేదు," అని గట్టిగా చెప్తారు. మొదటిసారి చదివినప్పుడు ఇవన్నీ నా కళ్ళ ముందు నుంచే వెళ్ళాయి. ముద్దుంటే ప్రమాదం, లేకపోతే లేదు అనుకునే కళ్ళు నావి.

గ్రూపులో, "ఆ పింక్ అట్ట పుస్తకం గురించి ఇంకో మాట చెప్పాలి," అని రాశాను.

"ఏంటి, ఇంకో కిస్ మిస్సయ్యావా సెన్సార్ బోర్డూ?" అని వెంటనే వచ్చింది.

ఏదో రాసి చెరిపేశాను. "ఏం లేదు, ఊరికే," అన్నాను.

తర్వాతి వారం ఈత క్లాసుకు తీసుకెళ్తూ కారులో మా అమ్మాయిని అడిగాను.

"ఆ బుక్‌లో బాయ్‌ఫ్రెండ్ ఎలాంటివాడు?"

"మీన్," అంది వెనక సీట్లోంచి.

"ఏం చేశాడని?"

"ఊరికే కాల్ చేస్తాడు. బ్యాండ్ మానెయ్ అంటాడు. ఆల్వేస్ మ్యాడ్."

"మరి ఆ అమ్మాయి చేసింది కరెక్టేనా? వదిలేసింది కదా."

"యా." ఈత బ్యాగ్ జిప్పు లాగి పెట్టింది. తర్వాత, "కానీ అది పిండి బేబీ కదా అమ్మా. ఫ్రైడే టీచర్‌కి ఇచ్చేస్తే అయిపోయింది. నీకు నేను ఉన్నా కదా," అంది.

అద్దంలో చూశాను. అది కిటికీలోంచి బయటకు చూస్తోంది. బాధగా చెప్పలేదు. లెక్కల హోంవర్కులో జవాబు చెప్పినట్టు చెప్పింది. సిగ్నల్ దగ్గర ఆగి నేనింకా అద్దంలోకే చూస్తుంటే, "గ్రీన్ వచ్చిందమ్మా, వెళ్ళు," అంది.

ఆ శనివారం పుస్తకాలు తిరిగివ్వడానికి ఇద్దరం లైబ్రరీకి వెళ్ళాం. పిల్ల షెల్ఫుల మధ్యకు వెళ్ళింది. నేను కౌంటర్ దగ్గర నిలబడి, తల నెరిసిన లైబ్రేరియన్‌తో మాట్లాడుతున్నాను. ఆ సీరీస్‌లో తర్వాతి పుస్తకం ఎప్పుడొస్తుందో ఆయన కంప్యూటర్‌లో చూస్తున్నాడు. బ్యాగ్‌లో ఫోన్ మోగింది. ఎవరిదో తెలుసు. మోగనిచ్చాను. ఆగి మళ్ళీ మోగింది. ఈ ఒక్కసారికి ఎత్తకుండా ఉండి చూద్దామనుకున్నాను, అంతే. అంతకంటే పెద్ద ఆలోచనేమీ లేదు.

మా అమ్మాయి షెల్ఫుల మధ్యనుంచి పరిగెత్తుకొచ్చింది. ఆ చప్పుడు దానికి అంత దూరం వినిపించింది.

"అమ్మా, ఎత్తు. ప్లీజ్, ఎత్తు."

నేను కదలకపోయేసరికి బ్యాగ్‌లో చెయ్యిపెట్టి తనే ఫోన్ తీసింది.

"హాయ్ నాన్నా!" అంది. అరక్షణం కిందటి భయం ఆ గొంతులో లేదు. "అమ్మ చేతుల్లో బుక్స్ ఉన్నాయి, అందుకే. ఆఁ, లైబ్రరీలోనే. లేదు నాన్నా, ఎవరూ లేరు. మేమిద్దరమే. ఫోటో పెడతా, ఆగు."

ఎవరూ లేరు అంటున్నప్పుడు దాని కళ్ళు లైబ్రేరియన్ మీదే ఉన్నాయి. ఫోన్ పెట్టేసి కెమెరా తెరిచింది. నన్ను చూసి, లైబ్రేరియన్‌ని చూసి, "అమ్మా, కొంచెం ఇటు జరుగు," అంది. జరిగాను. "ఇంకొంచెం. స్మైల్." ఆయన ఫోటోలో పడకుండా ఎక్కడ నిలబడాలో దానికి తెలుసు. ఎంత నవ్వాలో నాకు తెలుసు. ఆయన పాపం కంప్యూటర్ మీదనుంచి తలెత్తి, ఏదో ముచ్చట చూస్తున్నట్టు మమ్మల్ని చూసి నవ్వాడు.

కారులో కూర్చున్నాక ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు.

"ఎవరూ లేరని ఎందుకు చెప్పావు నాన్నా?" అని అడిగాను. ముద్దొచ్చినప్పుడు, భయమేసినప్పుడు నేను దాన్ని నాన్నా అంటాను.

"ఉన్నారంటే క్వశ్చన్స్ అడుగుతాడు. నిన్ను అడిగాక మళ్ళీ నన్ను అడుగుతాడు."

"నిన్నేం అడుగుతాడు?"

"స్కూల్ నుంచి వచ్చాక. నువ్వు ఆఫీస్‌లో ఉంటావు కదా." సీట్ బెల్ట్ కొస పట్టుకుని లాగుతూ వదులుతూ ఉంది. "అమ్మ ఎవరితో మాట్లాడింది, ఫోన్ చూసి నవ్విందా, డోర్ వేసుకుందా, అలాంటివి."

"నువ్వేం చెప్తావు?"

"గుడ్ థింగ్స్ చెప్తా. డోంట్ వర్రీ."

ఆయన ఇంటి నుంచి పనిచేస్తాడు. పిల్ల బస్సు దిగేసరికి ఇంట్లో తండ్రి ఉంటాడు, ఖాళీ ఇంటికి రానక్కర్లేదని నేను ఎంత నిశ్చింతగా ఉన్నానో! బడి నుంచి వచ్చిన పిల్లకు ఆయన పళ్ళు కోసి పెడతాడు. ఆ పళ్ళు తింటూ అది జవాబులు చెప్తూ వచ్చిందన్నమాట. ఎన్నాళ్ళ నుంచో నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయమేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. పిల్ల ముందే చెప్పాలనుకున్నాను. దాని భారం దించుతున్నానని దానికి తెలియాలి కదా.

"నా గురించి ఏం తెలుసుకోవాలన్నా నన్నడుగు. పిల్లనడగొద్దు. ఇక నుంచి నేను ఫోటోలు కూడా పంపను. లొకేషన్ తీసేశాను."

ఆయన కంచంలోంచి తలెత్తాడు. అరవలేదు. నిజంగానే ఆశ్చర్యపడినట్టు చూశాడు.

"ఏమడిగిన నేను? నా బిడ్డతోని నేను మాట్లాడొద్దా?" పిల్ల వైపు తిరిగాడు. "నేనేమన్న అడిగిన్నా బిడ్డా?"

మా అమ్మాయి కంచంలోకి చూసింది. "లేదు నాన్నా," అంది.

"విన్నవా?" అన్నాడు నాతో. "ఏం దాస్తున్నవ్ నువ్వు? దాసేటోళ్ళకే ఇట్లాంటి ఆలోచనలొస్తయ్."

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఇదివరకు రెండు రోజులు దాటేది కాదు, నేనే దాటనిచ్చేదాన్ని కాదు. ఈసారి నేను వెళ్ళి మాట్లాడలేదు. "పెరుగుందా అడుగు మీ అమ్మను." "కారు సర్వీస్‌కియ్యాలె, చెప్పు మీ అమ్మకు." అదే గదిలో నేనుంటే, పిల్ల మెడ ఇటు తిప్పి నాకు చెప్పి, మళ్ళీ అటు తిప్పి ఆయనకు చెప్పేది. భారం దించుతానన్నదాన్ని ఇంకొకటి ఎత్తాను.

"సారీ చెప్పెయ్ అమ్మా," అంది ఒకరోజు, నేను వంట చేస్తుంటే పక్కన నిలబడి.

"నేనేం తప్పు చేశాను?"

"నాకు తెలీదు. జస్ట్ చెప్పెయ్. కావాలంటే నువ్వు చెప్పావని నేను చెప్తా."

"చెప్పను."

దాని ముఖం ఎర్రబడింది. "నీకేం, నువ్వు ఆఫీస్‌కి వెళ్ళిపోతావ్!" అని అరిచి పైకి వెళ్ళి తలుపేసుకుంది. దానికి కోపం వచ్చింది నా మీద. తండ్రి మీద రాలేదు. ఆ పుస్తకంలో అమ్మాయి ఇంక చాలంటే, ఆ మాటతో కథ అయిపోయింది. పిండి సంచి చీపురుతో ఊడ్చేసేదే కాబట్టి.

నా పని అనుమతి ఆయన వీసాను ఆధారం చేసుకుని వచ్చింది, విడిపోతే అదీ పోతుంది. ఇంకో ఇల్లు, ఇంకో బడి, లాయరు, ఇవన్నీ నేను ఆలోచించడం లేదని కాదు. పిల్ల పడుకున్నాక అవే ఆలోచిస్తాను. ముందు చెయ్యగలిగింది చేద్దామని మేనేజర్‌ను అడిగి, వారంలో మూడు రోజులు పెందరాళే బయల్దేరుతున్నాను. బస్సు వచ్చేసరికి వీధి మలుపులో ఉంటాను. మిగతా రెండు రోజులూ కుదరడం లేదు. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం నుంచి నా చేతులు పనిమీద నిలవవు.

నిన్న అలాంటి రోజే. ఇంటికొచ్చేసరికి ఆయన పైన గదిలో మీటింగులో ఉన్నాడు. మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. పక్కన ప్లేటులో కోసిన ఆపిల్ ముక్కలు ఉన్నాయి. కోటు కూడా విప్పకుండా దాని పక్కన కూర్చున్నాను.

"ఇవాళ అడిగాడా?" అన్నాను నెమ్మదిగా.

"లేదు."

"ఏమీ అడగలేదా? నా గురించి? ఆఫీసు గురించి?"

"లేదమ్మా."

"మరి ఏం మాట్లాడుకున్నారు? ఎంతసేపు కిందున్నాడు?"

పెన్సిల్ ఆపి తలెత్తింది. నవ్వింది. లైబ్రరీలో ఫోన్ ఎత్తినప్పటి నవ్వు అది.

"ఏం లేదమ్మా. స్కూల్ గురించే. అంతా బాగానే ఉంది," అంది.

నిజమో, నాకు చెప్పే గుడ్ థింగ్సో నాకు తెలియలేదు. ఇంకోసారి అడగబోయి, దాని ముఖం చూసి, నేనూ ఆయనలాగే అడుగుతున్నానని తట్టి, లేచి కోటు విప్పుకున్నాను.